జేబుకత్తి పిడిపై మసిగీత

రెండేండ్ల కొకసారి సూర్యాపేట సమీపమున దురాజ్‌పల్లిలో జరుగు పెద్దగట్టు జాతరకు మా తుంగతుర్తి ప్రాంతపు జనము వేలకొలదిగా పోవుదురు. లింగమంతుల స్వామి దర్శనమైన పిదప పిల్లల కాళ్ళు అంగళ్ళవైపే లాగును. అట్టి అంగటిలో ఇంటర్మీడియట్ చదువు విద్యార్థి యొకడు చిన్న మడతకత్తిని కొనెను. జామకాయ కోయుటకు, పెన్సిలు చెక్కుటకు పనికివచ్చు సామాన్యమైన జేబుకత్తి అది. పిడికి ఇరువైపుల తెల్లని ఎముక పలకలు అమర్చి యుండెను. ఆ తెల్లదనమును చూడగా వానికి ముచ్చట పుట్టినది. సూదితో ఒక పలకపై తాటిచెట్టు బొమ్మను గీచి, గీతలలో ఫౌంటెన్ పెన్ను సిరాను నింపెను. తుడిచి చూచునప్పటికి చెట్టు కనబడలేదు. పిడి పొడవునా నీలిమరక పరచుకొని యుండెను.

"సార్, గీత సన్నగనే గీసిన. సిరా పక్కలకు పాకింది. గీత తప్పా, సిరా తప్పా?" అని వాడు ఆ కత్తిని తెచ్చి నా బల్లపై పెట్టెను.

ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. గట్టి పదార్థముపై సన్నని గీతలు గీచి, వానిలో మసిని నింపి బొమ్మను తేల్చు ఈ విద్యను పాశ్చాత్యులు స్క్రిమ్‌షా అందురు. పేరు మనకు క్రొత్తదే కాని పని క్రొత్తది కాదు. దీని రహస్యమును ఒక్క వాక్యములో చెప్పవచ్చును: గీతలో రంగు నిలువవలెనన్న, గీత చుట్టునున్న తలము రంగును తనలోనికి రానీయకూడదు. ఈ సూత్రమును ముందుగా మనకు బాగుగ తెలిసిన వస్తువునందు చూతము.

తాటియాకు, గంటము

అచ్చుయంత్రము రాకపూర్వము మన గ్రంథములు చాలవరకు తాటియాకులపై వ్రాయబడినవే. ఆకులను నీటిలో ఉడుకబెట్టి, నీడన ఆరనిచ్చి, నున్నగా రుద్ది, సమముగా కత్తిరించెడివారు. వానిపై ఉక్కుమొన గల గంటముతో అక్షరములను గీచెడివారు. గీచినంతమాత్రమున అక్షరములు కంటికి సరిగా ఆనవు. ఆ పిమ్మట దీపపుమసిని నూనెతోనో ఆకుపసరుతోనో కలిపి ఆకంతటికిని పూసి, గుడ్డతో తుడిచివేసెడివారు. పైమసి పోయి, గీతలలోని మసి మాత్రము మిగిలి, అక్షరములు నల్లగా పైకి తేలెడివి.

ఇందులోని శాస్త్రమును గమనింపుడు. ఆకుపై మైనమువంటి పలుచని పొర యొకటి ప్రకృతిసిద్ధముగా ఉండును. దానిపై నీరు నిలువదు, మసి అంటదు. గంటపుమొన ఆ పొరను చీల్చి లోపలి నారను బయటపెట్టును. అచ్చట మసి చిక్కుకొనును. పొర చెదరనిచోట గుడ్డ కొక్కపట్టున తుడిచిపోవును. ఆకుపై పొర పాడైపోయినచో ఎంత చక్కని దస్తూరియైనను మసకబారును.

తాటియాకునకు నార పొడవువైపున ఉండును. ఆ దిక్కున బలముగా తిన్నని గీత గీచిన ఆకు చీలును. తెలుగు అక్షరములు గుండ్రదనము పొందుటకు ఇదియు నొక కారణమని పెద్దలు చెప్పుదురు. దక్షిణదేశములో గంటమును, ఆకులు కత్తిరించు చిన్నకత్తిని ఒకే పిడిలో మడచిపెట్టు ఏర్పాటు కూడ వాడుకలో ఉండెడిది. అనగా వ్రాయసగాని నడుమున ఉండిన పనిముట్టు సగము గంటము, సగము జేబుకత్తి! ఇట్టి తాళపత్రములను తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయమునందును, తిరుపతి ప్రాచ్యపరిశోధనాలయమునందును నేటికిని చూడవచ్చును.

విశాఖపట్టణపు దంతపు పెట్టెలు

ఇదే పనిని ఆకునకు బదులు ఏనుగుదంతముమీద చేసినవారు మన సముద్రతీరముననే ఉండిరి. ఈస్టిండియా కంపెనీ 1682లో విశాఖపట్టణమున వర్తకస్థానమును నెలకొల్పెను. అచ్చటి పనివారు నల్లచేవ, ఇరుగుడు, గంధపుచెక్క మున్నగు కలపతో పెట్టెలు, కుర్చీలు, వ్రాతబల్లలు చేసి, వానిపై పలుచని దంతపురేకులను అతికెడివారు. ఆ రేకులపై తీగలు, పువ్వులు సన్నగా చెక్కి, గీతలలో నల్లలక్కను నింపెడివారు. 1756లో ఆ పట్టణమును చూచిన మేజరు జాన్ కార్నీల్ అను ఆంగ్ల సైనికాధికారి అక్కడి పొదుగుడుపనిని మిక్కిలి మెచ్చుకొని వ్రాసెను. నాటి విశాఖ పెట్టెలు కొన్ని నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్టు మ్యూజియమున ఉన్నవి.

వారు సిరాను వాడక లక్కను ఎన్నుకొనుటలో మంచి తెలివి యున్నది. లక్క మోదుగ, రేగు, కుసుమ మొదలగు చెట్లకొమ్మలపై నివసించు చిన్నపురుగు స్రవించు జిగురు. 75 సెంటీగ్రేడు డిగ్రీల ప్రాంతమున అది కరుగును. కరిగినను నీటివలె పలుచబడదు, పాకమువలె చిక్కగానే ఉండును. అట్టి చిక్కని ద్రవము గీతలోనికి దిగును గాని సన్నని రంధ్రములలోనికి దూరి పరుగెత్తజాలదు. చల్లారగానే గట్టిపడి గీతలోనే నిలిచిపోవును. పైన మిగిలినదానిని గీకివేసి మెరుగు పెట్టిన చాలును.

తిమింగిలపు పన్ను

స్క్రిమ్‌షా అను పేరు ప్రసిద్ధికెక్కినది పందొమ్మిదవ శతాబ్దపు మొదటి సగములో. అమెరికాలోని నాన్‌టకెట్, న్యూ బెడ్‌ఫర్డ్ రేవులనుండి తిమింగిలముల వేటకు బయలుదేరిన ఓడలు మూడు నాలుగేండ్లు సముద్రముననే తిరిగెడివి. వేట దొరకని దినములలో నావికులకు పొద్దుపోయెడిది కాదు. స్పెర్మ్ జాతి తిమింగిలపు పండ్లకు వెల లేదు కావున వానిని నావికులకు పంచెడివారు. గరుకైన పంటిని జేబుకత్తితో గీకి, సొరచేపతోలుతో రుద్ది నునుపుచేసి, తెరచాప కుట్టు సూదితో దానిపై ఓడల బొమ్మలు, ఇంటివద్దనున్నవారి రూపములు గీచెడివారు. దీపపుమసియో, పొగాకురసమో వారి సిరా. సూసన్ అను ఓడపై పనిచేసిన ఫ్రెడరిక్ మైరిక్ 1828, 1829 సంవత్సరములలో తాను గీచిన పండ్లపై పేరును, తేదీని కూడ చెక్కెను. అవి నేడు మ్యూజియములలో మిక్కిలి విలువైన వస్తువులు.

ఆకుపై వ్రాసిన మన వ్రాయసగాడును, దంతముపై చెక్కిన విశాఖ పనివాడును, పంటిపై గీచిన నావికుడును ఒకరినొకరు ఎరుగరు. ముగ్గురును చేసినపని మాత్రము ఒక్కటే: ముందుగా తలమును నునుపుచేయుట, పిదప గీచుట, మసి పూయుట, తుడుచుట. ఆ నునుపుచేయు మొదటిపనియే తక్కిన మూటికి ఆధారము.

దంతమునకు, ఎముకకు భేదము

మా విద్యార్థి పిడికి ఉన్నది పశువు ఎముక. దంతమునందును ఎముకయందును ముఖ్య పదార్థములు ఒక్కటే. కాల్షియము, ఫాస్ఫేటులతో కూడిన హైడ్రాక్సీఅపటైటు అను ఖనిజము, కొల్లాజెను అను మాంసకృత్తు, కొంచెము నీరు. ఎముకలో తూకమున నూటికి 65 పాళ్ళకు పైగా ఖనిజమే. రసాయనశాస్త్రము చూచిన రెండును అన్నదమ్ములు. నిర్మాణమును చూచిన మాత్రము చాల దూరము.

ఎముక సజీవముగా నున్నప్పుడు దానిలో రక్తము ప్రవహించును. అందులకై ఎముక పొడవున సన్నని కాలువలు ఉండును. 1691లో క్లాప్టన్ హేవర్స్ అను ఆంగ్ల వైద్యుడు వీనిని వర్ణించినందున వీనికి హేవర్షియన్ నాళములని పేరు. వీని వెడల్పు సుమారు 50 మైక్రానులు. అనగా మిల్లీమీటరులో ఇరువదవవంతు. ఎముకను పిడికొరకు పొడవుగా కోసినపుడు ఈ నాళములు తెరచుకొని సన్నని నల్లచారలుగా, చుక్కలుగా కనబడును. పది రెట్లు పెంచి చూపు భూతద్దముతో పరీక్షించిన చాలును.

దంతము అట్టిది కాదు. ఏనుగుదంతము నిజమునకు పైదవడయందలి పెరిగిన పన్ను. దానిలో రక్తనాళములు మధ్యనున్న గుజ్జుభాగమున మాత్రమే ఉండును. చుట్టునున్న గట్టిభాగములో ఉన్నవి ఒకటి రెండు మైక్రానుల వెడల్పుగల అతిసూక్ష్మ నాళికలు. ఎముక నాళముతో పోల్చిన ఇవి పాతిక రెట్లకు తక్కువ కాకుండ సన్ననివి. అందుచేతనే దంతమునకు అద్దమువంటి మెరుగు వచ్చును.

ఇప్పుడు సిరా ఏల పాకెనో చూతము. దీపపువత్తిలోనికి నూనె ఎగబ్రాకుట మనమెరుగుదుము. దీనిని కేశనాళికాకర్షణమందురు. గొట్టము ఎంత సన్ననిదైన ద్రవము అంత ఎత్తునకు ఎక్కును. గోడను పూర్తిగా తడుపు నీరు 50 మైక్రానుల గొట్టములో రమారమి 60 సెంటీమీటర్లు ఎక్కగలదు. జేబుకత్తి పిడి పొడవు 10 సెంటీమీటర్లు మాత్రమే! నాళములు ఎముక పొడవున ఉండును గనుక మరక కూడ పిడి పొడవుననే వ్యాపించినది. విద్యార్థి గీత సన్ననిదే. కాని ఆ గీత దారిలో పదులకొలది నాళముల నోళ్ళను తెరచినది.

"మరి గొట్టము సన్నమైనకొలది ద్రవము ఎక్కువ ఎత్తునకు ఎక్కునన్నచో, దంతములోని సూక్ష్మనాళికలు సిరాను ఇంకను బలముగా పీల్చవలెను గదా?" అని తెలివిగల విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. లాగు బలము ఎక్కువైనమాట నిజమే. కాని సన్నని గొట్టములో గోడల రాపిడి ఇంకను ఎక్కువ. అందుచేత ద్రవము పాకు వేగము తగ్గును. గొట్టపు వెడల్పు పాతికరెట్లు తగ్గిన దాని కోతవైశాల్యము 625 రెట్లు తగ్గును; లోనికి పోగల సిరా అంతకంతకు స్వల్పము. తుడుచులోపల పాకినది కంటికి కనబడదు. అంతేకాక మసికి మరియొక గుణమున్నది.

సిరా వేరు, మసి వేరు

ఫౌంటెన్ పెన్ను సిరాలో రంగు నీటిలో కరిగియుండును. ఉప్పు నీటిలో కరిగినట్లే రంగుయొక్క అణువులు నీటిలో విడివిడిగా కలిసిపోవును. నీరు ఎంత దూరము పోయిన రంగు అంత దూరము దానివెంట పోవును. మసి అట్లు కరుగదు. అది కర్బనపు నలుసుల సమూహము. నలుసులు ఒకదానికొకటి అతుకుకొని గుచ్ఛములుగా ఉండును. సన్ననాళిక నోటివద్ద ఈ గుచ్ఛములు అడ్డుపడి నిలిచిపోవును. నీరు లేక నూనె లోనికి పోయినను నలుపు గీతలోనే మిగులును. మట్టినీటిని గుడ్డతో వడకట్టినట్లే ఇదియు.

దీనిని తరగతిలో అయిదు నిమిషములలో చూపవచ్చును. ఒక వడపోతకాగితముపై ఒకచో ఫౌంటెన్ పెన్ను సిరాచుక్కను, వేరొకచో నీటిలో కలిపిన దీపపుమసి చుక్కను వేయుడు. మొదటిది వలయముగా విస్తరించును. రెండవదానిలో తడి విస్తరించును గాని నలుపు చాలవరకు నడుమనే ఉండిపోవును. కావున మా విద్యార్థి ప్రశ్నకు సమాధానము ఇది: గీతలో తప్పులేదు. తలము మూయక గీచుట ఒక తప్పు. మసి ఉండవలసినచోట రంగునీరు పోయుట రెండవ తప్పు.

దంతమునకై ప్రాణములు

దంతము ఈ పనికి ఎంత అనుకూలమో తెలిసినది. దాని వెలయును తెలిసికొనవలెను. దంతములో సుమారు మూడవవంతు పుర్రెలోపలనే ఉండును. ప్రాణముతోనున్న ఏనుగునుండి దానిని సమూలముగా తీయుట సాధ్యము కాదు. అందుచేత దొంగవేటగాండ్రు ఏనుగును చంపియే తీయుదురు. ఆఫ్రికాలో 1979లో 13 లక్షలని అంచనావేసిన ఏనుగులు పదేండ్లలో సుమారు 6 లక్షలకు తగ్గెను. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1977లో ఏనుగును ఆ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చిరి. 1986 సవరణ భారతీయ దంతపు వర్తకమును, 1991 సవరణ ఆఫ్రికా దంతపు వర్తకమును నిషేధించెను. ప్రపంచ దేశములు కూడ 1989లో ఆఫ్రికా దంతపు అంతర్జాతీయ వాణిజ్యమును మాన్పింప తీర్మానించినవి. వర్తకమునకై తిమింగిలములను వేటాడుట 1986నుండి అంతర్జాతీయ తిమింగిల సంఘపు తీర్మానముచే నిలుపబడినది.

కావున "పాతదంతము, తాతలనాటిది" అని ఎవరైన అమ్మజూపిన కొనరాదు. ఏనుగుదంతమును అడ్డముగా కోసినచోట ఒకదానినొకటి ఖండించు వంపుగీతల వల కనబడును. 1800లో ష్రెగర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. అంచునకు చేరువలో ఆ గీతల నడిమి కోణము నేటి ఏనుగులలో 115 డిగ్రీలకు మించియుండును. ఎన్నడో అంతరించిన మామత్ జాతి దంతమున 90 డిగ్రీలకు లోపుగా నుండును. అధికారులు దొంగసరుకును పట్టుటకు ఈ కోణమును కొలుతురు. ఎముకలో ఈ వల ఉండదు, నల్లచుక్కలుండును. ప్లాస్టిక్కులో రెండును ఉండవు.

చౌకపిడి గొప్పతనము

ఇచ్చట ఒక విచిత్రమున్నది. దంతమును వెదకుకొనుటకు కారణమైన గుణము రంధ్రములు లేని నునుపుదనమే గదా! అంగటిలో అన్నిటికంటె చౌకయైన ప్లాస్టిక్కు పిడికి ఆ గుణము దంతమునకంటె ఎక్కువగా ఉన్నది. నిజమునకు ప్లాస్టిక్కుల చరిత్రయే దంతముతో ముడిపడియున్నది. బిలియర్డు బంతులకు దంతము చాలక ప్రత్యామ్నాయమును వెదకుచు అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1869లో సెల్యులాయిడును సిద్ధపరచెను. అందువలన గీతలు నేర్చుకొనువారు ముందు తెల్లని ప్లాస్టిక్కుపిడి గల కత్తితో ప్రారంభించుట మేలు.

పిడి ఎముకయో ప్లాస్టిక్కో తెలియనప్పుడు చిన్నముక్క దొరికిన ఉప్పునీటి పరీక్ష చేయవచ్చును. నీటిలో ఉప్పు ఇక కరుగనంతవరకు కలిపిన దాని సాంద్రత 1.2 అగును. అందులో ఏబీఎస్, పాలిస్టైరీను, ఆక్రిలిక్ తేలును. ఎముక సాంద్రత సుమారు 1.9 గనుక మునుగును. వేడిసూది గ్రుచ్చి చూచు పద్ధతి కొందరు చెప్పుదురు. అది మంచిది కాదు. పాత పిడులు సెల్యులాయిడువైన భగ్గున మండును.

మన ఊరి తాటిచెట్టు కూడ దంతమువంటి పదార్థమును ఇచ్చుచున్నది. లేతగా నున్నప్పుడు మనము తిను ముంజయే టెంకలో ముదిరి తెల్లగా, రాయివలె గట్టిపడును. దాని కణముల గోడలు మానన్ అను పిండిపదార్థముతో మందముగా పేరుకొనియుండును. టెంకను నాటిన ఆ గట్టిపదార్థమే కరిగి మొలకకు ఆహారమగును. మనము కాల్చుకొని తిను గేగులు దానిచే పోషింపబడినవే. దక్షిణ అమెరికాలోని టాగ్వా అను తాళజాతి గింజతో ఒకప్పుడు చొక్కాగుండీలు చేసెడివారు, దానిని ఉద్భిజ్జదంతమందురు. మొలకెత్తని ముదురు టెంకలోని ముక్కను బాగుగ ఆరబెట్టి పిడిలో చిన్నబిళ్ళగా పొదుగుకొనవచ్చును. నీటిని పీల్చు స్వభావమున్నది గనుక దానికి లక్కపూత తప్పదు.

మొన ఎంత గట్టిగా ఉండవలెను?

గీచు మొన గీయబడు పదార్థమునకంటె గట్టిదై యుండవలెను. కాఠిన్యమును కొలుచు మోస్ పట్టికలో దంతము, ఎముక సుమారు 2.5, సున్నపురాతిలోని కాల్సైటు 3, కుట్టుసూది ఉక్కు 5.5కు పైన. దంతమునకు, సున్నపురాయికి భేదము స్వల్పమని గమనింపుడు. తుంగతుర్తికి చేరువలో, నాగారం మండలపు ఫణిగిరి గుట్టపై బయల్పడిన బౌద్ధశిల్పములు సున్నపురాతివే. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము 2023లో వానిలో కొన్నింటిని ప్రదర్శించెను. ఆ రాతిపై నగలు, తలపాగాల మడతలు ఎంత సన్నగా చెక్కబడినవో చూచిన, మెత్తనిరాయి ఉలికి ఎట్లు లొంగునో తెలియును. సాంచీ స్తూపపు దక్షిణ తోరణముపైనున్న శాసనమునుబట్టి ఆ శిల్పమును విదిశా నగరపు దంతపు పనివారే చెక్కిరని తెలియుచున్నది. దంతమునుండి మెత్తనిరాతికి చేయి మార్చుట వారికి కష్టము కాలేదన్నమాట.

చేయు విధానము

ముందుగా కత్తిని మూసి, అలుగు తెరచుకొనకుండ గట్టిగా పట్టీ చుట్టవలెను. పెద్దవారు దగ్గర లేకుండ పిల్లలు ఈ పని చేయరాదు. కత్తిని బడికి తేరాదు; తరగతిలో చూపుటకు విడిగా దొరకు ఎముక లేక ప్లాస్టిక్కు ముక్క చాలును.

మొదటిది నునుపు. గరుకు కాగితమును 220 అంకెతో మొదలుపెట్టి 400, 600, 1000 వరకు వరుసగా వాడవలెను. ప్రతిసారియు ముందటి కాగితపు గీతలు పూర్తిగా పోయిన పిదపనే తరువాతిది పట్టవలెను. మిగిలిన ప్రతి గీతలోను మసి దూరి కనబడును. తడిపి రుద్దవలెను; ఎముకపొడి ఊపిరితిత్తులకు చేటు. చివర పండ్లపొడితోగాని మెత్తని సుద్దపొడితోగాని మెరుగు పెట్టవలెను.

రెండవది మూత. ఎముకకు, తాటిటెంక బిళ్ళకు ఇది ముఖ్యము. వడ్రంగులు వాడు లక్కపాలిషును రెండుమూడు పూతలు పూసి, ఆరిన పిదప పైపొర పోవునట్లు సన్నని కాగితముతో రుద్దవలెను. అప్పుడు పైన లక్క ఉండదు, నాళముల నోళ్ళలో మాత్రము నిలిచియుండును. ఆ పాలిషులోని స్పిరిటు మండునట్టిది గనుక దీపమునకు దూరముగా చేయవలెను. ప్లాస్టిక్కునకు ఈ పూత అక్కరలేదు.

మూడవది గీత. సూదిని కఱ్ఱపుల్లకు బిగించి, పెన్సిలుతో వేసికొన్న బొమ్మవెంట గీయవలెను. ఒక్కసారి బలముగా నొక్కుటకంటె పలుమార్లు తేలికగా గీచుట మేలు. ప్లాస్టిక్కును గీచినపుడు నాగలిచాలుకు ఇరువైపుల మన్ను లేచినట్లు అంచులు లేచును. వానిని నున్నగా గీకివేయనిచో మసి అక్కడ పట్టుకొని గీత మొద్దుగా కనబడును.

నాలుగవది మసి. మన ఇండ్లలో కాటుక పట్టు విధముననే ఆముదపు దీపముపై ఇత్తడిపళ్ళెమును బోర్లించిన మసి లభించును. దీనిని దేనితో కలుపవలెను? కాటుకకు ఆముదము కలుపుదుము. అది ఎన్నటికి ఆరదు. కంటికి కావలసినది అదే. పిడికి అది పనికిరాదు, చేతికంటుకొని పోవును. ఇచ్చట అవిసెగింజల నూనె కావలెను. ఆ నూనె గాలిలోని ఆమ్లజనిని గ్రహించి, అణువులు ఒకదానితో నొకటి కలిసికొని గట్టిపొరగా మారును. నూనెలలో ఇట్లు చర్యకు సిద్ధముగానున్న ద్విబంధములను అయోడిను అంకెతో కొలుతురు. అవిసెనూనెకు అది 170 నుండి 200 వరకు, ఆముదమునకు 90కి లోపు. మసిలో ఒకటి రెండు చుక్కల అవిసెనూనె కలిపి ముద్దగా చేసి గీతలపై రుద్ది, వెంటనే మెత్తని గుడ్డతో గీతలకు అడ్డముగా తుడువవలెను. గీతవెంట తుడిచిన మసి బయటికి వచ్చును.

ఒక హెచ్చరిక. అవిసెనూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. ఆమ్లజనితో కలియునపుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతతానే అంటుకొనవచ్చును. విప్పి ఆరవేయవలెను, లేదా నీటిలో ముంచవలెను. మసి పూర్తిగా ఆరిన పిదప తేనెమైనము కొద్దిగా రుద్దిన పిడికి మెరుగు వచ్చును.

చుక్కల లెక్క

నీడలను చూపుటకు గీతలకంటె చుక్కలు అనువైనవి. చుక్క వ్యాసము 0.1 మిల్లీమీటరు అనుకొందము. దాని వైశాల్యము 0.00785 చదరపు మిల్లీమీటర్లు. చుక్కలను 0.5 మిల్లీమీటరు ఎడముతో వరుసలుగా పెట్టిన ప్రతి చుక్కకు 0.25 చదరపు మిల్లీమీటర్ల చోటు వచ్చును. నలుపు నూటికి 3 పాళ్ళు, కంటికి లేతనీడ. ఎడమును 0.2 మిల్లీమీటరునకు తగ్గించిన చోటు 0.04 అగును. నలుపు నూటికి దాదాపు 20 పాళ్ళు. మంచి చిక్కని నీడ. ఎడము రెండున్నర రెట్లు తగ్గగా నలుపు ఆరు రెట్లకు పైగా పెరిగినది. అందుచేత నీడను చిక్కపరచునప్పుడు తొందరపడరాదు.

మన కన్ను ఒక నిమిషపు కోణమునకు లోబడిన ఎడమును విడదీసి చూడలేదు. 0.2 మిల్లీమీటరు ఎడము 70 సెంటీమీటర్ల దూరమున ఆ కోణమును చేయును. అనగా చేతిలో దగ్గరగా పట్టిన చుక్కలు కనబడును. చేయిచాచి చూచిన అవి కలిసిపోయి నీడ మాత్రము కనబడును. వార్తాపత్రికల ఛాయాచిత్రములు కూడ ఇట్టి చుక్కలతోనే అచ్చగును.

మా విద్యార్థి తన ఎముకపిడిని బాగుచేయుటకు చాల శ్రమపడెను. ఎంత రుద్దినను నీలిమరక పూర్తిగా పోలేదు. అది పైన లేదు, నాళములలోపల ఉన్నది. చివరకు రెండవవైపు పలకను నునుపుచేసి, లక్కతో మూసి, కాటుకమసితో అదే తాటిచెట్టును మరల గీచెను. ఈసారి మట్ట మట్టకు ఎడము తెలియుచున్నది. ఆ కత్తికి నేడు ఒకవైపు మరక, రెండవవైపు చెట్టు ఉన్నవి. కేశనాళికాకర్షణమును బోధించునాడు వానిని అడిగి, ఆ రెండు పలకల ఛాయాచిత్రములను ప్రక్కప్రక్కన పెట్టి తరగతికి చూపుచున్నాను. ఉపాధ్యాయులు తమ బడులలో ఎముకముక్కతో, ప్లాస్టిక్కుముక్కతో ఈ పరీక్షను స్వయముగా చేసి చూపగలరు. కావలసినవి ఒక సూది, కొంత మసి, ఒక భూతద్దము మాత్రమే.